పదిలో తొమ్మిది ఖాళీలు

ప్రతి శనివారం రెండు గంటలు ఇంగ్లీష్ చెబుతాను. జీతం లేదు, సిలబస్ కూడా పెద్దగా లేదు. వచ్చేవాళ్ళంతా శరణు కోరుతూ దరఖాస్తు పెట్టుకుని జవాబు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. కిందటేడు ఒకరోజు కాలాలు చెబుతున్నాను. భూతకాలం మీద ఒక కాగితం, భవిష్యత్కాలం మీద ఒక కాగితం ఇచ్చాను. ఒకాయన, వయసు నలభై దాటి ఉంటుంది, తన దేశంలో సివిల్ ఇంజనీరు. భూతకాలం కాగితం పది నిమిషాల్లో నింపి ఇచ్చేశాడు. అందులో రాసినవి ఇక్కడ చెప్పను. క్రియలు మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయి.

రెండో కాగితంలో "వచ్చే ఏడాది నేను", "నా పిల్లలు", "రేపు" అంటూ పది వాక్యాలు మొదలుపెట్టి వదిలేశాను. వాళ్ళు పూర్తి చెయ్యాలి. ఆయన ఒక్కటే పూర్తి చేశాడు: రేపు వాన పడుతుంది. మిగతా తొమ్మిదీ ఖాళీ.

నేనేం చేశానంటే, 'విల్' వాడకం ఆయనకు అర్థం కాలేదనుకుని బోర్డు దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. అదీ రెండుసార్లు. ఆయన రెండుసార్లూ మర్యాదగా విన్నాడు. చివరికి, "గ్రామర్ అర్థమైంది టీచర్" అన్నాడు.

మొన్న శరణార్థుల మానసిక ఆరోగ్యం మీద ఒక కథనం చదువుతుంటే ఆ కాగితం గుర్తొచ్చింది. ప్రతి ముగ్గురిలో ఒకరికి పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, దారుణమైన అనుభవం తర్వాత పట్టుకునే మానసిక రుగ్మత) అన్నది దాని సారాంశం. యుద్ధం, బాంబులు, పీడకలలు, కౌన్సెలింగ్ కావాలి, నిధులు కావాలి. అబద్ధం ఏమీ లేదు. కానీ పూర్తయ్యేసరికి నాకొక చికాకు మిగిలింది. అది ఎందుకో తేల్చుకోవడానికి అసలు అధ్యయనాలు తీసి చదవడం మొదలుపెట్టాను. నేను సైకాలజిస్టుని కాను. అయినా చదివాక ఒక అభిప్రాయం గట్టిపడింది. శరణార్థి మనసుకి ఏమైంది అన్న ప్రశ్నకి మనం ఎప్పుడూ "అక్కడ" జరిగినదాంట్లోనే జవాబు వెతుకుతున్నాం. "ఇక్కడ" జరుగుతున్నదాని గురించి అదే పరిశోధన ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. అది కథనాల్లోకి రాదు. వస్తే ఇబ్బంది పడాల్సింది ఆశ్రయం ఇచ్చామని చెప్పుకునేవాళ్ళు.

తొమ్మిదా, ముప్పయ్యా?

ముందు ఆ "ముగ్గురిలో ఒకరు" సంగతి. 2005లో మీనా ఫాజెల్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక సమీక్ష వేసింది. పాశ్చాత్య దేశాల్లో స్థిరపడిన సుమారు 7,000 మంది శరణార్థుల మీద అప్పటిదాకా వచ్చిన సర్వేలు అందులో ఉన్నాయి. పెద్దవాళ్ళలో పీటీఎస్‌డీ దాదాపు 9 శాతం, తీవ్రమైన డిప్రెషన్ 5 శాతం. నాలుగేళ్ళ తర్వాత జకారీ స్టీల్ బృందం జామా అనే ఇంకో వైద్య పత్రికలో ఇంకా పెద్ద లెక్క వేసింది: 181 సర్వేలు, 40 దేశాలు, 81,866 మంది. ఇందులో శరణార్థులతో పాటు యుద్ధాన్ని చూసిన ఇతరులు కూడా ఉన్నారు. పీటీఎస్‌డీ 30.6 శాతం, డిప్రెషన్ 30.8 శాతం.

తొమ్మిదికీ ముప్పైకీ మధ్య ఎంత దూరం! కొంత తేడా నిజమైనదే, చూసిన జనం వేరు. ఇంకొంత మాత్రం అడిగిన తీరులోంచి వచ్చింది. కొద్దిమందిని, అందుబాటులో ఉన్నవాళ్ళని పట్టుకుని, చేతికి ప్రశ్నావళి ఇచ్చి నింపమంటే అంకె పెరుగుతుంది. ఎక్కువమందిని పద్ధతిగా ఎంచుకుని, శిక్షణ ఉన్నవాళ్ళు కూర్చుని మాట్లాడితే తగ్గుతుంది. రెండు సమీక్షలూ ఈ సంగతి చెప్పాయి. ప్రచారంలో మిగిలేది మాత్రం పెద్ద అంకే. నిధులు అడిగేవాళ్ళకి అది కావాలి, వాళ్ళని తప్పుపట్టలేను. కానీ "వీళ్ళంతా దెబ్బతిన్న మనుషులు, మనకెందుకు ఈ గొడవ" అనేవాళ్ళకి కూడా అదే అంకె పనికొస్తుంది.

పెద్ద లెక్క ప్రకారమే చూసినా, యుద్ధం చూసినవాళ్ళలో నూటికి డెబ్బై మందికి పీటీఎస్‌డీ లేదు. వాళ్ళ గురించి కథనాలు రావు. వాళ్ళు బాగున్నారనీ కాదు. ఆ పేరుతో పిలవగలిగిన జబ్బు లేదు, అంతే.

ఆ పేరు పుట్టిన చోటు కూడా చూడాలి. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం తర్వాత, 1980లో అమెరికా సైకియాట్రిస్టుల వర్గీకరణలోకి ఎక్కింది. పోస్ట్ అంటే తర్వాత. సైనికుడికి ఆ "తర్వాత" ఉంది: యుద్ధం అక్కడ ఉండిపోయింది, అతను ఇంటికొచ్చాడు, పీడకల వెంట వచ్చింది. శరణార్థికి ఇల్లే పోయింది. దరఖాస్తు తిరస్కరిస్తే మళ్ళీ అక్కడికే పంపిస్తారు. అలాంటప్పుడు ఉలిక్కిపడి లేవడాన్ని గతం తాలూకు లక్షణం అనాలా, ఉన్న పరిస్థితికి తగిన భయం అనాలా?

"ఎందుకు పట్టలేదో అడగవేమే?"

సైకాలజీలో పరిశోధన చేస్తున్న స్నేహితురాలు ఒకామె ఉంది. వాళ్ళ తరగతిలో ఒక అభ్యాసం ఇచ్చారు. పేరున్న ఒక ప్రశ్నావళిని ఎవరి మాతృభాషలోకి వాళ్ళు అనువదించాలి. మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీష్‌లోకి తేవాలి. రెండూ పోల్చి చూడాలి. ఆ ఇంకొకరు నేను. ప్రశ్నావళి హార్వర్డ్ ట్రామా క్వశ్చనీర్, 1992లో రిచర్డ్ మోలికా బృందం ప్రచురించినది. కంబోడియా, లావోస్, వియత్నాంల నుంచి వచ్చిన శరణార్థుల కోసం వాళ్ళ భాషల్లోనే మొదట తయారైంది. అప్పటికి అది మంచి పని, ఇప్పటికీ మంచి పనే. ఒక్కో లక్షణానికి నాలుగు మెట్లు ఉంటాయి: అస్సలు లేదు, కొంచెం, బాగా, విపరీతంగా.

భావాలు కలగకపోవడం గురించి ఒక ప్రశ్న ఉంది. స్నేహితురాలు "మనసు మొద్దుబారినట్టు ఉందా" అని రాసింది. నేను దాన్ని ఇంగ్లీష్‌లోకి తెస్తూ తెలివి మందగించడం అన్న అర్థం ఇచ్చాను. మొద్దు అనగానే నాకు బడిలో ఆఖరి బెంచీ గుర్తొచ్చింది మరి. తర్వాత "మనసు చచ్చిపోయింది" అని మార్చింది. అది ఎవరో అవమానిస్తే అనే మాటలా ఉందన్నాను. ఇద్దరం తెలుగువాళ్ళమే, ఒకే ప్రశ్న మీద సాయంత్రమంతా గడిచింది. ఇక ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చిన మనిషి, తన యాస సరిగ్గా రాని దుబాసీ, మధ్యలో ఈ ప్రశ్న, ఆ నాలుగు మెట్లు. ఊహించండి.

వాక్యాలు అర్థమవుతున్నాయో లేదో చూద్దామని ఆమె వాళ్ళమ్మకి చదివి వినిపించింది. "నిద్ర పట్టడం లేదా?" దగ్గరికి రాగానే వాళ్ళమ్మ, "ఎందుకు పట్టలేదో అడగవేమే?" అందట. మేం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు.

మనకి "బెంగ" అని ఒక మాట ఉంది. దిగులు వేరు, బెంగ వేరు. బెంగకి ఒక మనిషో ఒక చోటో ఉండాలి. బెంగ పెట్టుకున్న పిల్లకి జ్వరం వస్తుందని, పెద్దవాళ్ళయితే చిక్కిపోతారని మందుల చీటీ అక్కర్లేకుండానే అందరికీ తెలుసు. తెలంగాణలో అయితే "మనాది" అంటారు. ఈ రెండు మాటల్నీ ఆ ప్రశ్నావళిలో ఎక్కడ పెట్టాలో మాకు తోచలేదు. ప్రతి భాషలోనూ ఇలాంటివి ఉంటాయి. సైకాలజిస్టు కెన్నెత్ మిల్లర్ కాబూల్‌లో పనిచేసినప్పుడు అక్కడివాళ్ళు చెప్పిన మాటలతోనే ఒక జాబితా తయారుచేశాడు. అందులో "జిగర్ ఖూన్" ఉంది: కాలేయం నెత్తురు కావడం. పోగొట్టుకున్నదాని తాలూకు దుఃఖానికి వాళ్ళ మాట. అమెరికాలోని కంబోడియా శరణార్థులు తలతిరుగుడు, మెడనొప్పి, దడతో ఆస్పత్రికి వచ్చేవాళ్ళు. ఒంట్లో "ఖ్యాల్" అనే గాలి పైకి తన్ని మెడ నరాలు పగిలిపోతాయన్నది వాళ్ళ భయం. సైకియాట్రిస్టు డెవన్ హింటన్ దాని గురించి ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చాడు. 2013 నాటి అమెరికా వర్గీకరణలో దానికి చోటు దొరికింది. ఒక చోట కట్టిన లక్షణాల మూటని ఇంకో చోటికి తీసుకెళ్ళి వెతికితే ఆ లక్షణాలు దొరుకుతాయి, కానీ అక్కడివాళ్ళకి వాటి అర్థం అదేనని రుజువైనట్టు కాదని సైకియాట్రిస్టు ఆర్థర్ క్లైన్‌మన్ 1977లోనే హెచ్చరించాడు.

ఈ వాదన నాకు నచ్చుతుంది, అందుకే కాస్త అనుమానంగా కూడా చూస్తాను. దీన్ని ఎక్కువ లాగితే "వాళ్ళ సంస్కృతిలో అది మామూలే" అన్న చోట తేలుతాం. చిత్రహింస పడ్డవాడి పీడకల ఏ భాషలోనైనా పీడకలే.

ఎదురుచూపు

నెదర్లాండ్స్‌లో లాబన్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 294 మంది ఇరాకీలు, అందరూ శరణు కోరినవాళ్ళే. వచ్చి ఆరు నెలలు నిండనివాళ్ళు ఒక గుంపు. రెండేళ్ళు దాటినా కేసు తేలనివాళ్ళు ఇంకో గుంపు. ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నవాళ్ళు మొదటి గుంపులో 42 శాతం, రెండో గుంపులో 66.2 శాతం. బాంబులకి దగ్గరగా ఉన్నది మొదటి గుంపు. ఎక్కువ కాలం భద్రంగా ఉన్నది రెండోది.

ఆస్ట్రేలియా 1999లో తాత్కాలిక రక్షణ వీసా తెచ్చింది. నువ్వు శరణార్థివే, ఒప్పుకున్నాం, కానీ మూడేళ్ళకే. తర్వాత మళ్ళీ నిరూపించుకోవాలి. ఈలోగా కుటుంబాన్ని రప్పించుకోవడానికి లేదు. సిడ్నీలో ఉన్న మాండేయన్ శరణార్థులు (ఇరాక్, ఇరాన్‌లలోని ఒక చిన్న మతంవాళ్ళు) 241 మందిని స్టీల్ బృందం పరిశీలించి 2006లో ఫలితాలు వేసింది. ఒకే మతం, ఒకే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. కొందరికి శాశ్వత వీసా, కొందరికి తాత్కాలిక వీసా. గతంలో పడ్డ బాధల్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, నిర్బంధ కేంద్రంలో గడిపిన కాలం, చేతిలో ఉన్న వీసా రకం, ఈ రెండూ విడివిడిగా వాళ్ళ మానసిక స్థితి మీద ప్రభావం చూపించాయి. అది ఏ యుద్ధం చేసిన గాయమూ కాదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చేసినది.

పోర్టర్, హాస్లమ్ 2005లో చేసిన సమీక్ష కూడా ఇదే చెబుతుంది. సొంత ఇల్లు లేక వసతి కేంద్రాల్లో ఉన్నవాళ్ళు, పనిచేసే వీలు లేనివాళ్ళు ఎక్కువ దెబ్బతిన్నారు. అందులో నన్ను ఆపిన ఇంకో సంగతి: చదువుకున్నవాళ్ళు, అంతకుముందు మంచి హోదాలో ఉన్నవాళ్ళు తక్కినవాళ్ళకంటే అధ్వాన్నంగా ఉన్నారు. నా క్లాసులో ఇంజనీరుగారు గుర్తొచ్చాడు. వంతెనలు కట్టిన మనిషికి నేను 'విల్' ఎక్కడ పెట్టాలో చెబుతున్నాను.

ఇక నా అనుమానాలు. మొదటిది డచ్ అధ్యయనం మీదే. అది ఒకే మనుషుల్ని రెండేళ్ళు వెంబడించి చూసినది కాదు, రెండు వేర్వేరు గుంపుల్ని ఒకే సమయంలో చూసినది. రెండేళ్ళు దాటినా తేలని కేసులు మొదటినుంచీ చిక్కు కేసులే కావచ్చు, ఆ మనుషులు మొదటినుంచీ ఎక్కువ దెబ్బతిన్నవాళ్ళే కావచ్చు. పైగా "ఆలస్యమే జబ్బు" అని నేనంటే, "అయితే వారంలో తిరస్కరించి పంపించేస్తాం" అనే అధికారి ఉంటాడు. నా వాదన అతని చేతికి ఆయుధం ఇవ్వకూడదు.

రెండోది ఇంకా బలమైనది. రోజువారీ కష్టాలకి కూడా యుద్ధానుభవాలతో సమానంగా ప్రాధాన్యం ఇవ్వాలని మిల్లర్, రాస్ముసెన్ 2010లో రాసినప్పుడు, ఫ్రాంక్ నోయ్‌నర్ ఎదురు సమాధానం రాశాడు. మనసు చితికినవాడికి రోజు గడవడమే కష్టమవుతుంది. అతను కష్టాలు ఎక్కువ చెబుతున్నాడంటే కష్టాల వల్ల జబ్బు చేసిందని కాకపోవచ్చు, జబ్బు వల్లే కష్టాలు పెరిగి ఉండొచ్చు. నోయ్‌నర్ ఊరికే మాట్లాడే మనిషి కాదు. ఉగాండా శిబిరాల్లో సూడాన్ శరణార్థులతో, తర్వాత రువాండా, సోమాలియావాళ్ళతో పనిచేసి, జీవితకథని మొదటినుంచి వరసగా చెప్పించే చికిత్సని పరీక్షించిన బృందంలోనివాడు. ఉగాండాలోనే ఉన్న నకివాలే శిబిరంలో శరణార్థులకే శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా పెడితే, ఆ చికిత్స పనిచేసింది. కాబట్టి "అక్కడ" జరిగినది ముఖ్యం కాదని నేను అనలేను. నేపాల్‌లోని భూటాన్ శరణార్థుల్లో చిత్రహింస పడ్డ 526 మందిని, పడని 526 మందితో పోల్చిన 1998 నాటి అధ్యయనం ఉంది. అందరూ అవే శిబిరాలవాళ్ళు. పీటీఎస్‌డీ మొదటివాళ్ళలో 14 శాతం, రెండోవాళ్ళలో 3 శాతం. ఈ తేడా రేషన్ క్యూ వల్ల వచ్చినది కాదు.

మూడో అనుమానం నా మీదే. నేను ఇంగ్లీష్ చెబుతాను, చికిత్స చెయ్యలేను. బాధకి మూలం ఎదురుచూపూ, ఖాళీగా కూర్చోవడమూ అయితే నా శనివారం క్లాసుకి విలువ పెరుగుతుంది. అందుకే ఈ వాదన నాకు అంత తియ్యగా ఉందేమో.

అయినా ఒక ప్రయోగం నన్ను మళ్ళీ ఈ వైపుకే లాగింది. బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శిబిరాల్లో రేష్మాన్ హుసామ్ తదితర ఆర్థికవేత్తలు 745 మందితో చేశారు, 2022లో అచ్చయింది. చీటీలేసినట్టు జనాన్ని విడదీశారు. కొందరికి వారం వారం పని, దానికి జీతం. కొందరికి పని లేకుండా అంతే డబ్బు. మిగతావాళ్ళకి సర్వేలో పాల్గొన్నందుకు ఇచ్చే చిన్న మొత్తం. ఎనిమిది వారాలు. డబ్బు మాత్రమే అందుకున్నవాళ్ళ మనఃస్థితి పెద్దగా మారలేదు. పని దొరికినవాళ్ళది మెరుగుపడింది. ఆపైన, పనిచేసినవాళ్ళలో 66 శాతం డబ్బు లేకపోయినా ఇంకొంతకాలం ఆ పని చేస్తామన్నారు. ఇక్కడ నోయ్‌నర్ ప్రశ్నకి చోటు లేదు, ఎవరికి పని దొరకాలో వాళ్ళ జబ్బు నిర్ణయించలేదు. మేలు మగవాళ్ళలోనే ఎక్కువ కనిపించింది, ఎనిమిది వారాలు కూడా ఎంతో కాలం కాదు, అవి ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు అనుభవించిన హింస ఏమీ మారలేదు. పొద్దున లేచి వెళ్ళడానికి ఒక చోటు వచ్చింది.

పాత పత్రికల్లో శరణార్థులని "కాందిశీకులు" అనేవాళ్ళు. సంస్కృతంలో "కాం దిశం", ఏ దిక్కుకి పోను అన్న ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. ఎక్కణ్ణుంచి వచ్చావన్నది అందులో లేదు.

కథ చెప్పమని

మొదటి నెలల్లో నాకొక చెడ్డ అలవాటు ఉండేది. క్లాసు అయ్యాక టీ తాగుతూ మెల్లగా వాళ్ళ కథల్లోకి దిగేదాన్ని. చెప్పుకుంటే బరువు దిగుతుందని నమ్మకం. కొంత కుతూహలం కూడా, ఇప్పుడు దాచడమెందుకు. ఒకామె చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపి, గడియారం చూసి వెళ్ళిపోయింది. మూడు వారాలు రాలేదు. దుర్ఘటన జరిగిన కొత్తలో ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించడం పీటీఎస్‌డీని ఆపదని, కొందరికి చెడు కూడా చెయ్యొచ్చని పరిశోధన సమీక్షలు ఎప్పుడో తేల్చాయి. నోయ్‌నర్ వాళ్ళు చేసేది వేరు. అది శిక్షణతో, చాలా సిటింగుల్లో, మధ్యలో వదిలెయ్యకుండా చేసే పని. నా టీ కప్పు దానికి సమానం కాదు.

పైగా వీళ్ళు ఆ కథని అప్పటికే చాలాసార్లు చెప్పారు, అదీ పరీక్షలో చెప్పినట్టు. జేన్ హర్లిహీ, ఆమె సహచరులు 2002లో బ్రిటన్‌లోని కొసావో, బోస్నియా శరణార్థులతో చేసిన చిన్న అధ్యయనం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒకే మనిషిని, అవే సంఘటనల గురించి, కొన్ని వారాలో నెలలో తేడాతో రెండుసార్లు అడిగారు. అప్పటికే ఉండిపోవడానికి అనుమతి వచ్చినవాళ్ళు, అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. అయినా ప్రతి ఒక్కరి కథలోనూ ఏదో ఒకటి మారింది. ప్రధానమైన వాటికంటే పక్క వివరాలు ఎక్కువ మారాయి. పీటీఎస్‌డీ ఎక్కువ ఉన్నవాళ్ళకి, రెండు ఇంటర్వ్యూల మధ్య ఎడం పెరిగినకొద్దీ తేడాలూ పెరిగాయి.

ఇప్పుడు దరఖాస్తు చూసే అధికారి వైపు నుంచి ఆలోచించండి. రెండు వాంగ్మూలాల్లో తేదీ తేడా వస్తే నమ్మలేం అంటాడు. అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే బట్టీ పట్టాడంటాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆలస్యం జ్ఞాపకాన్ని మారుస్తుంది, మారిన జ్ఞాపకం తిరస్కారానికి కారణమవుతుంది, అప్పీలు ఇంకో ఏడాది సాగుతుంది. ఇదంతా అయ్యాక ఆయనకు కౌన్సెలింగ్ కోసం నిధులు మంజూరవుతాయి.

స్నేహితురాలు ఇప్పుడు తన సొంత సర్వేకి సిద్ధమవుతోంది. ఇదంతా ఆమెకి చెబితే నవ్వింది. ఇక్కడి కష్టాలని అడిగే జాబితా ఎప్పుడో ఉందట. 1990ల్లోనే డెరిక్ సిలోవ్ వాళ్ళు సిడ్నీలో వాడారు: దరఖాస్తు ఆలస్యం, పని అనుమతి లేకపోవడం, వెనక్కి పంపేస్తారన్న భయం, ఒంటరితనం. తన సర్వేలో కూడా అది ఉందంది. ఎక్కడ ఉందని అడిగాను. అన్నిటికంటే చివర, ఇరవై ఏడో పేజీలో. అప్పటికి గంట దాటుతుంది, జనం అలిసిపోయి ఏదో ఒక గడిలో టిక్కు కొట్టి లేచిపోతారు.

"ముందు పెట్టొచ్చు కదా?" అన్నాను.

"ముందు పెడితే ఆ కోపంతో తర్వాతి జవాబులన్నీ మారిపోతాయి."

"ఇప్పుడు మాత్రం? ముందు చిత్రహింస గురించి అడిగి, తర్వాత వసతి ఎలా ఉందని అడిగితే మారవా?"

కాసేపు ఏమీ అనలేదు. సగం మందికి అలా, సగం మందికి ఇలా ఇచ్చి చూడొచ్చేమో, గైడ్‌ని అడుగుతానంది. ఇంకా అడగలేదు.